ఓబుళమ్మ పిల్లిపుదీనా మడి

అనగనగా, మబ్బులు దిగివచ్చి ఇళ్ళ మధ్య తిరిగే కొండల్లో మంచుకోన అని ఒక ఊరు. ఆ ఊరికి ఒక రాజు. రాజు అనగానే ఏనుగులూ అంబారీలూ అనుకునేరు! చిన్న కోట, పెద్ద గాదె, కంబళి కప్పుకుని అరుగు మీద కూర్చునే రాజు. అంతే సంబరం.

నిజం చెప్పాలంటే ఆ ఊళ్ళో కోటకన్నా గాదెకే విలువ ఎక్కువ. చలికాలమంతా ఊరు తినే కొర్రలూ సజ్జలూ అందులోనే ఉండేవి. గాదెను ఎలుకల నుంచి కాచేవి పిల్లులు. అందుకని అక్కడ ఒక ఆచారం ఉండేది. ఎవరింట్లో పొయ్యి మీంచి కుండ దించినా మొదటి ముద్ద పిల్లిది. దాన్ని పిల్లిముద్ద అనేవారు. గడప దగ్గరికి వచ్చిన పిల్లిని, అది ఎవరిదైనా సరే, ఎక్కడి నుంచి వచ్చినా సరే, పొమ్మనకూడదు. పొమ్మన్న ఇంటికి పిల్లనిచ్చేవారు కాదు, ఆ ఇంటి నుంచి పిల్లను తెచ్చుకునేవారూ కాదు.

మంచి ఆచారమే. కాదనను. కానీ ఒక ఏడు ముసురు పట్టిన రోజుల్లో, ఆ తెరిచి పెట్టిన తలుపుల్లోంచే ఊళ్ళోకి ఏదో వచ్చింది.

మొదట కుమ్మరి నాగులు దగ్గరికి వచ్చింది. సందెవేళ. ఆమె సారె ఆపి, తొట్టి దగ్గర చేతులు కడుక్కుంటోంది. పెరట్లోంచి ఎవరో "నాగులూ" అని పిలిచారు. పసిపిల్ల గొంతో ముసలిదాని గొంతో చెప్పలేం. "ఆఁ, ఎవరదీ?" అంది నాగులు. అంతే! ఆ తర్వాత నోరు తెరిస్తే గాలి వచ్చింది గానీ మాట రాలేదు. గోడ మీంచి ఒక పిల్లి దూకి పోవడం ఆమె చూసింది. మరుక్షణం ఇంటి కప్పు మీద ఎవరో నవ్వారు. ఆ నవ్వు నాగులుదే.

తర్వాత దండోరా గంగన్న. ఒక సందెవేళ అతనికి నాగులు గొంతు వినిపించింది. "గంగన్న బావా, ఒక్కసారి ఇలా రా!" పాపం, అతను ఎంత సంబరపడ్డాడో! "ఓసి నీ ఇల్లు బంగారంగాను, గొంతు తిరిగొచ్చిందా? వస్తున్నా వస్తున్నా!" అని కేకేశాడు. ఊరంతా వినపడేలా అరిచే మనిషికి ఆ కేకతోనే నోరు పడిపోయింది.

మూడోది రంగి.

రంగి ఎవరంటే, కూరగాయలు పండించే ఓబుళమ్మ మనవరాలు. తల్లీ తండ్రీ లేని పిల్ల. జేజి తప్ప దానికెవరూ లేరు, జేజికి అది తప్ప ఎవరూ లేరు. జేజి అంటే నాయనమ్మే. రంగి నోరు మూతపడేది కాదు. తింటూ మాట్లాడేది, నడుస్తూ మాట్లాడేది, నిద్దట్లో కూడా ఎవరితోనో తగువులాడేది. "నీ నోటికో దండం తల్లీ, కాసేపు ఊరుకోవే" అని ఓబుళమ్మ రోజూ విసుక్కునేది.

ఆ సాయంత్రం గంగన్న గొంతు వీధిలోంచి వినిపించింది. "రంగీ! కోటలో బెల్లపుండలు పంచుతున్నారు!"

"నేనూ వస్తున్నా మామా!" అంటూ పరుగెత్తింది రంగి. గుమ్మంలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి జేజిని చూసి నోరు తెరిచింది, మూసింది, మళ్ళీ తెరిచింది. ఓబుళమ్మ చేతిలోని చేట కింద పడిపోయింది.

ఆ రాత్రి ఇంట్లో మాట లేదు. ఊరుకోమని రోజూ విసుక్కున్నది తనే కదా! ఓబుళమ్మకు ఏడుపు ఆగలేదు. రంగి ఒళ్ళో దాని పిల్లికూన ఒకటే గుర్రుగుర్రుమంటోంది. ముసురు రోజుల్లో తడిసి గడప దగ్గరికొస్తే రంగి తెచ్చి పెంచుకుంటున్న కూన అది. బూడిదరంగులో ఉంటుందని 'బూడిద' అని పేరు పెట్టింది. 'పోనీలే, దీనికి అదొక్కటైనా తోడుంది' అనుకుంది ఓబుళమ్మ.

ఊరికి సంగతి అర్థమైంది. పలికినవాళ్ళ గొంతు పోతుంది. ఇక సందె పడితే మంచుకోనలో ఎవరూ ఎవరినీ పిలిచేవారు కాదు, పలికేవారు కాదు. తల్లులు పళ్ళెం మీద గరిటెతో కొట్టి పిల్లల్ని అన్నానికి రమ్మనేవారు. పశువుల్ని తోలేవాళ్ళు నోరు కట్టుకుని తోలేవారు. అంత నిశ్శబ్దంలోనూ కప్పుల మీద నాగులు నవ్వేది, వీధి మలుపులో గంగన్న కేకేసేవాడు, రంగి పాట పాడేది. నాగులూ గంగన్నా రంగీ మాత్రం ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చుని తమ గొంతులు తామే వింటూ ఉండేవారు.

నాగులు కోటకు పోయి, వేళ్ళతో మీసాలు గీసి, చేతిని తోకలా ఊపి తాను చూసింది రాజుకు చూపించింది. రాజు తల పట్టుకున్నాడు. చివరికి గంగన్న చేత డప్పు కొట్టించి, చెప్పాల్సింది తానే చెప్పాడు.

"ఆ దొంగ పిల్లి వేషంలో ఉంది. ఏ పిల్లో మనకు తెలియదు. కాబట్టి ఊళ్ళో పిల్లులన్నిటినీ సంచుల్లో కట్టి కనుమ అవతల వదిలేద్దాం. ఎలుకల సంగతి తర్వాత చూసుకుందాం."

ఓబుళమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకు వచ్చింది.

"ప్రభూ, దొంగను కనుమ దాటిస్తే అది మింగిన గొంతులు కూడా కనుమ దాటిపోతాయి. నా రంగి బతికినంతకాలం మూగదిగా ఉండిపోవాలా?"

"ఏం చేయమంటావవ్వా? ఇన్ని పిల్లుల్లో దొంగేదో నువ్వు చెప్పగలవా?"

"చెప్తాను. కొంచెం గడువివ్వండి."

ఆ ధైర్యం ఆమెకు ఊరికే రాలేదు. ఉత్తరాది నుంచి కంబళ్ళు అమ్ముకోవడానికి వచ్చినవాడొకడు ముందురోజే ఆమె ఇంటి అరుగు మీద కూర్చుని గంజి తాగాడు. రంగిని చూసి జాలిపడి, మూటలోంచి తడిగుడ్డలో చుట్టిన మొలకలు కొన్ని, కొంగున కట్టుకునేన్ని విత్తనాలు తీసి ఇచ్చాడు.

"దీన్ని మేం పిల్లిపుదీనా అంటామవ్వా. పుదీనాలాగే ఉంటుంది, ఆకు కాస్త గరుకు, రంగు కాస్త మాసినట్టుంటుంది. ఊదారంగు పూలు పూస్తుంది. దీని వాసన తగిలితే పిల్లికి ఒళ్ళు తెలియదు, దొర్లుతుంది, పొర్లుతుంది. పిల్లి కానిదానికి మాత్రం ఇది ఉత్త గడ్డి."

"ఎలా పెంచాలో కూడా విను" అని అతను అనబోతే ఓబుళమ్మ చెయ్యి అడ్డం పెట్టింది. "బాగుంది! జుట్టు నెరిసేదాకా వంకాయా చిక్కుడూ పండించినదాన్ని. మొక్క పెంచడం నాకొకరు నేర్పాలా?" అంది. అతను నవ్వేసి, మూట నెత్తికెత్తుకుని కనుమ దారి పట్టాడు.

రాజు గడువిచ్చాడు. ఓబుళమ్మ ఆ సాయంత్రమే మొలకల్ని నాటింది. ఎంత ముద్దుగా నాటిందని! ఒక్కొక్క మొలకనూ వేళ్ళతో నిమిరింది, ఆకులు సర్దింది, మొదలు దగ్గర మన్ను నొక్కి తట్టింది. చేతులు కడుక్కుందామని తొట్టి దగ్గరికి వెళ్ళి, ఎందుకో వెనక్కి తిరిగి చూసింది.

పెరటి గోడ పొడుగునా పిల్లులు.

చప్పుడు లేదు. ఒక్కటీ మ్యావనలేదు. మసక చీకట్లో కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. ఆమె "ఏయ్!" అనేలోపే అన్నీ ఒక్కసారి దూకాయి. ఏది ఏ పిల్లో, ఏది దొర్లిందో, ఏది దొర్లలేదో ఎవరికి తెలుసు? అవి వెళ్ళిపోయాక చూస్తే మడిలో ఒక్క ఆకు లేదు. వేళ్ళు కూడా పీకి నమిలేశాయి.

ఓబుళమ్మ మట్టిలో చతికిలబడి తన చేతులు వాసన చూసుకుంది. అప్పుడు తెలిసింది. ఆకు నలిగితేనే ఆ వాసన లేస్తుంది. నిమిరి నిమిరి పిల్లుల్ని పిలిచింది తనే. 'విత్తి, ముట్టుకోకుండా వదిలేస్తే మొక్క ఉన్నట్టే వాటికి తెలియదు' అనుకుంది. వెళ్ళి రాజు కాళ్ళ మీద పడి ఇంకో గడువు తెచ్చుకుంది.

ఈసారి కొంగులోని విత్తనాల్లో సగం తీసి ఇంటి పక్కన నల్లమట్టి మడిలో చల్లింది. చుట్టూ రేగుకంప నాటింది. మొలకలు వచ్చాయి. బాగానే ఉన్నాయి, అలా వదిలేస్తే సరిపోయేది. కానీ ఒక సందెవేళ కంచె అవతల నుంచి నాగులు గొంతు పలికింది.

"మొక్కలు వాడినట్టున్నాయే ఓబుళమ్మక్కా. పాపం, నీళ్ళు చాలడం లేదేమో."

ఓబుళమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పలకలేదు. కంచె అవతల ఎవరూ లేరని ఆమెకు తెలుసు. కానీ మనసులో ఒక పురుగు దొలిచింది. నిజంగానే వాడాయేమో? ఒక కడవ ఎక్కువ పోసింది.

మర్నాడు గంగన్న గొంతు. "ఎరువు వెయ్యి పెద్దమ్మా, ఎరువు! బలం లేక పీలగా ఉన్నాయి."

పలకలేదు. కానీ ఎరువు వేసింది.

అదీ ఆమె చేసిన పొరపాటు, పిల్లలూ. దొంగకు పలకకూడదని ఊరంతా నేర్చుకుంది. దొంగ మాట వినకూడదని మాత్రం ఎవరూ ఆమెకు చెప్పలేదు. పొద్దున నీళ్ళు, మాపు నీళ్ళు, మధ్యలో పెంట ఎరువు. మొక్కలు ఏపుగా, గుబురుగా, కళ్ళు జిగేల్మనేలా పెరిగాయి. చూసినవాళ్ళంతా మెచ్చుకున్నారు. ఒకరోజు గాలి వీస్తే అన్నీ పక్కకు ఒరిగి నేల మీద పడిపోయాయి. కాడల్లో బలం లేదు, వేళ్ళు కుళ్ళిపోయాయి. ఒక ఆకు నలిపి చూస్తే పచ్చగడ్డి వాసన తప్ప ఏమీ లేదు. పక్కింటి పిల్లి వచ్చి మూతి పెట్టి చూసి, తుమ్మి, తన దారిన పోయింది.

ఆ సాయంత్రం కప్పు మీద రంగి గొంతు కిలకిలా నవ్వింది.

ఓబుళమ్మ చెవులు మూసుకుంది. రంగి వచ్చి ఆమె చేతుల్ని చెవుల మీంచి మెల్లగా తీసి, తలను తన భుజానికి ఆనించుకుంది. ఏడాది కిందట ముక్కు తుడుచుకోవడం రాని పిల్ల! ఓబుళమ్మకు గుండె తరుక్కుపోయింది. పిల్ల కాళ్ళ దగ్గర బూడిద ముడుచుకుని కూర్చుని ఇద్దరినీ చూస్తోంది.

ఓబుళమ్మ మళ్ళీ రాజు దగ్గరికి పోయి ఇంకొక్క గడువు అడిగింది. ఆయన, "చలి ముదిరేదాకా ఆగుతాను. ఆ తర్వాత నన్ను అడగొద్దు అవ్వా" అన్నాడు. కోట గోడకు ఆనించి సంచులు సిద్ధంగా పెట్టించాడు.

ఇక కొంగులో మిగిలినవే ఆఖరు విత్తనాలు. ఓబుళమ్మ ఈసారి తన గొప్ప పక్కన పెట్టి, నేల చూసి ఆలోచించింది. ఎక్కడో చలికొండల మొక్క ఇది. రాళ్ళలో పుట్టి ఉంటుంది. దీనికి విందు భోజనం ఎందుకు? ఇంటి వెనక ఏటవాలున ఒక చిన్న నేలచెక్క ఉంది. గుమ్మడి కూడా పట్టని రాతినేల. పొద్దస్తమానం ఎండ తగులుతుంది, వాన పడితే నీరు నిలవదు. అక్కడ విత్తనాల్ని ఇసుకలో కలిపి చల్లింది, పైన పలచగా మన్ను దులిపింది. ఎండుకంప కప్పింది. మట్టి బాగా పొడిబారితే తప్ప నీళ్ళు పోయలేదు. ఒత్తుగా మొలిచినచోట కత్తెర కొసతో ఒకటీ అరా తీసి, తీసినదాన్ని వెంటనే పొయ్యిలో వేసేసింది. అంతకుమించి వాటి జోలికి పోలేదు.

ఊరుకోవడం ఎంత కష్టమో ఆమెకు అప్పుడు తెలిసింది. చేతులు దురద పెట్టేవి. సందెవేళ గొంతులు మానలేదు. "చచ్చిపోతున్నాయే! చుక్క నీళ్ళైనా పొయ్యవే పాపాత్మురాలా!" అని నాగులు గొంతు ఏడ్చేది. ఓబుళమ్మ పలకలేదు, ఈసారి వినలేదు కూడా. తలుపు వేసుకుని సజ్జలు చెరుగుతూ కూర్చునేది.

మొక్కలు పొట్టిగా, గట్టిగా, మాసిన పచ్చరంగులో లేచాయి. ఊదాపూలు పూసి వాడాయి. వాడిన కొమ్మల్ని ఆమె కత్తెరతో సగానికి కోసేసి, కోసినవాటిని వెంటనే పొయ్యిలో వేసింది. కోసినచోటల్లా రెండేసి చిగుళ్ళు వచ్చి, మడి దుబ్బుగా అల్లుకుంది. రెండోసారి పూత వచ్చేసరికి ఊళ్ళో చలిమంటలు మొదలయ్యాయి.

ఓబుళమ్మ కోటకు కబురు పంపింది. "రేపు పొద్దున ఊళ్ళో ఉన్న ప్రతి పిల్లినీ తెండి. ఏం జరిగినా, ఏం వినబడినా, ఎవరూ నోరు విప్పొద్దు."

మర్నాడు పొగమంచు దట్టంగా పట్టింది. మంచులోంచి మనుషులు ఒక్కొక్కరే వచ్చి మడి చుట్టూ నిలబడ్డారు. చంకల్లో పిల్లులు, గంపల్లో పిల్లులు. రాజు కంబళి కప్పుకుని వచ్చాడు. ఆయన వెనక సంచులు పట్టుకున్న భటులు. రంగి బూడిదను ఒళ్ళో పెట్టుకుని ఒక రాయి మీద కూర్చుంది.

ఓబుళమ్మ కంప తీసేసి, మడిలోకి దిగి, రెండు చేతులా ఆకులు దూసి నలిపి చల్లింది. ఘాటు గుప్పుమంది.

అబ్బ, ఏం చెప్పమంటారు! గాదె కాసే గండుపిల్లి వెల్లకిలా పడి కాళ్ళు తన్నుకుంది. నాగులు ఇంటి తెల్లపిల్లి ఆకుల్లో ముఖం రుద్దుకుని చొంగ కార్చింది. ముసలివీ పడుచువీ, గుడ్డివీ కుంటివీ, పొర్లనిది లేదు. జనానికి నవ్వొచ్చింది, కానీ నోరు నొక్కుకున్నారు. ఓబుళమ్మ మాత్రం నవ్వలేదు. ఒక్కొక్కదాన్నే చూసుకుంటూ పోయింది. కదలకుండా కూర్చున్నది ఏది? నిలబడ్డది ఏది?

ఏదీ లేదు. అన్నీ దొర్లుతున్నాయి.

రాజు ఆమె వైపు జాలిగా చూశాడు. తర్వాత భటుల వైపు తిరిగి చెయ్యి ఎత్తాడు. సంచుల మూతులు తెరుచుకున్నాయి.

అప్పుడు ఓబుళమ్మ పాదం మీద ఏదో మెత్తగా తగిలింది. నాగులు పిల్లి ఈమధ్యే ఈనింది. తల్లి వెంట దాని కూనలు కూడా వచ్చాయి. తల్లి ఒళ్ళు మరిచి దొర్లుతుంటే కూనలకు చీమ కుట్టినట్టైనా లేదు. నలిగిన ఆకుల్ని తొక్కుకుంటూ పోయి, ఒకటి తల్లి తోక పట్టుకుని లాగుతోంది, ఇంకొకటి ఓబుళమ్మ చీర కుచ్చిళ్ళతో ఆడుకుంటోంది. ఆమె వంగి ఒక కూన మూతి దగ్గర ఆకు పెట్టింది. కూన అటు తిరిగి ఆవులించింది. ఇంకో కూనకు పెట్టింది. అదీ అంతే. కంసాలి ఇంటి కూనా అంతే. పసికూనలకు ఆ వాసన ఇంకా తెలియదు! పెద్దయితే గానీ తెలియదు!

మరి ఆ మడి మధ్యలో, అన్నిటికన్నా ఎక్కువగా, గిరగిరా తిరుగుతూ, కాళ్ళు కొట్టుకుంటూ, చొంగ కారుస్తూ దొర్లుతున్న ఆ చిట్టికూన ఏది?

బూడిద.

ఎప్పుడు దిగిందో రంగి ఒళ్ళోంచి దిగింది. ముసురు రోజుల్లో వచ్చినప్పుడు గుప్పెడు ఉండేది. చలి వచ్చింది, ఇప్పటికీ గుప్పెడే ఉంది. పిల్లిముద్ద రోజూ తిన్నది, వెంట్రుకవాసి పెరగలేదు. ఊళ్ళో పిల్లులన్నిటినీ అనుమానంగా చూసిన ఓబుళమ్మ, తన ఇంట్లో తన మనవరాలి పక్కలో పడుకున్నదాన్ని ఒక్కసారీ చూడలేదు.

బూడిద దొర్లడం ఆపింది. ఓబుళమ్మ తనను చూస్తోందని దానికి తెలిసింది. తల ఎత్తింది. దాంతోపాటే మడిలో ఉన్న పిల్లులన్నీ కదలడం మానేసి, తలలు తిప్పి, బూడిద వైపు చూశాయి.

ఓబుళమ్మ పక్కనున్న కోళ్ళగంప తీసి దాని మీద బోర్లించింది. పైన తానే ఎక్కి కూర్చుంది.

రంగి పరుగెత్తుకొచ్చి గంపను పట్టుకుని లాగింది. తన కూన! తనకున్న ఒక్క తోడు! మాట రాని పిల్ల జేజిని గుప్పిళ్ళతో కొడుతోంది. అప్పుడు గంప కిందనుంచి నాగులు గొంతు వచ్చింది.

"ఊపిరాడటం లేదక్కా! నేను నాగుల్ని! గంప తియ్యవే!"

రంగి చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. మెల్లగా వెనక్కి వచ్చి జేజి మోకాళ్ళు పట్టుకుంది.

గొంతు బతిమాలింది, ఏడ్చింది, తిట్టింది. ఊరంతా నిలబడి ఉంది, ఒక్కరూ పలకలేదు. అదివరకు కప్పుల మీద తిరిగేటప్పుడు అది ఒక గొంతుతో పలికి మళ్ళీ ఆ గొంతును మింగేసేది. ఇప్పుడు గంప నిండా పిల్లిపుదీనా ఘాటు. దానికి మత్తెక్కించకపోయినా, ఆ ఘాటు దాని గొంతుకు అడ్డం పడింది. బయటికొచ్చిన గొంతు తిరిగి లోపలికి పోలేకపోయింది. కాసేపటికి ఆ గొంతు సన్నగిల్లి ఆగిపోయింది. జనంలో నిలబడ్డ నాగులు పొలమారినట్టు దగ్గి, "అమ్మా" అంది. అని, తానే అదిరిపడి నోరు మూసుకుంది.

తర్వాత గంగన్న గొంతు. "ప్రభువుల ఆజ్ఞ! గంప తియ్యండహో! తియ్యనివాళ్ళకు కొరడా దెబ్బలహో!" భటులు తత్తరపడి ముందుకు అడుగు వేశారు. రాజు చెయ్యి అడ్డం పెట్టి ఆపాడు. ఆయన పెదవులు బిగించుకుని తల అడ్డంగా ఊపాడు. కేకలు చిన్నవై, చిన్నవై, ఆగిపోయాయి. జనంలో నిలబడ్డ గంగన్న తన గొంతు పట్టుకుని నేల మీద కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు. ఆ ఏడుపుకు శబ్దం ఉంది.

కొంతసేపు గంప కింద ఏమీ వినబడలేదు. తర్వాత చాలా మెల్లగా, నిద్ర లేచిన పిల్ల పిలిచినట్టు, ఒక పిలుపు.

"జేజీ."

ఓబుళమ్మ కళ్ళు మూసుకుంది. ఎన్నాళ్ళయింది ఆ పిలుపు విని!

"జేజీ, చీకటిగా ఉందే. నాకు భయమేస్తోంది. నేను ఇక్కడే ఉన్నాను, నీ కిందే. ఒక్కసారి 'ఏం తల్లీ' అనవే. ఆ ఒక్క మాట చాలు. జేజీ, నేనంటే కోపమా? నేను ఎక్కువ మాట్లాడతానని కదా పలకవు? ఇంక మాట్లాడనులే. పలకవే జేజీ!"

ఓబుళమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది. కన్నీళ్ళు బుగ్గల మీంచి కారి గంప మీద పడుతున్నాయి. 'ఏం తల్లీ' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళు బిగించి మింగేసింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ మింగేసింది. మోకాళ్ళ దగ్గర రంగి తల అటూ ఇటూ ఊపుతూ, పలకొద్దని, పలకొద్దని, రెండు చేతులా ఆమెను గట్టిగా పట్టుకుంది.

పిలుపు దూరమైంది. జేజీ. ఇంకా దూరమైంది. జే. ఇక లేదు.

పొగమంచులో ఎవరూ ఊపిరి తీయలేదు.

"జేజీ."

ఓబుళమ్మ ఉలిక్కిపడింది. ఎక్కడి నుంచి? గంపలోంచా? కళ్ళు తెరవడానికి భయమేసింది. కళ్ళు మూసుకునే చెయ్యి చాపి, తడుముకుని, మనవరాలి ముఖం పట్టుకుంది. వేళ్ళను దాని పెదవుల మీద పెట్టింది.

"జేజీ, నీ చేతులు ఎంత కంపు కొడుతున్నాయే!" అంది రంగి. వేళ్ళ కింద పెదవులు కదిలాయి. వెచ్చటి ఊపిరి తగిలింది.

"ఏం తల్లీ, ఏం నా బంగారు తల్లీ" అని ఓబుళమ్మ ఘొల్లుమంది.

గంప ఎత్తి చూస్తే కింద పిల్లి లేదు, దాని వెంట్రుక కూడా లేదు. దొర్లినచోట మొక్కలు అణిగి ఉన్నాయి, అంతే. రాజు సంచులన్నీ మడి పక్కనే తగలబెట్టించాడు. పిల్లులు ఎవరిళ్ళకు అవి పోయాయి. రంగి ఆ రోజు పొద్దుగూకేదాకా నోరు మూయలేదు, జేజి దాన్ని ఒక్కసారీ ఊరుకోమనలేదు.

ఇదీ కథ. నేను విన్నంత చెప్పాను, మీరు విన్నంత దాచుకోండి. నిజమైనదానికి తనను తాను నిరూపించుకోవాలన్న ఆరాటం ఉండదు, అబద్ధమే ఎప్పుడూ కాస్త ఎక్కువ చేసి చూపిస్తుంది. కాబట్టి అందరికన్నా ఎక్కువగా పొర్లేది ఎవరో, ముందు వాళ్ళనే తేరిపార చూడండి.